ఈ రెండూ కలిపి ఇవ్వకండి

మా మేడం గారు పోయారు. సత్తెనపల్లిలో మా ఇంట్లో పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచేసరికి ఆఫీసు గ్రూపులో ఆ కబురు ఉంది. కింద అందరూ దండాలు పెడుతున్నారు. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

నాకు పని నేర్పింది ఆవిడే. మా కంపెనీ ఒక ఆటోమేషన్ టూల్ తయారుచేస్తుంది. ఎన్నో కంప్యూటర్లలో చేయాల్సిన పనిని ఒక్క ఆదేశంతో చేసిపెడుతుంది. అందులో ఒక్కో పనికి ఒక్కో మాడ్యూల్. దానికి ఏ పారామీటర్లు, అంటే ఏ సూచనలు, ఇవ్వొచ్చో, ఏవి ఇవ్వకూడదో వాడేవాళ్ళకు అర్థమయ్యేలా రాయడం మా ఇద్దరి ఉద్యోగం. ఆవిడ మార్టూరులో ఇంటి నుంచే రాసేవారు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. ఆక్సిజన్ మిషను లేనిదే గడిచేది కాదు. కాల్‌లో ఆవిడ గొంతు వెనక, ఊళ్ళో గ్రానైట్ రాళ్ళు కోసే రంపాల చప్పుడు ఎప్పుడూ ఉండేది. దగ్గొస్తే మైకు ఆపేసి, మళ్ళీ వచ్చి, వదిలిన మాట దగ్గరే అందుకునేవారు.

ఉదాహరణల్లో కంప్యూటర్లకు మిరప రకాల పేర్లు పెట్టేవారు. "సర్వర్ ఒకటి, సర్వర్ రెండు అంటే చదివేవాడికి నిద్రొస్తుందమ్మా. తేజ అని రాయి, కాస్త ఘాటుంటుంది."

ఇంకో మాట కూడా అనేవారు. "ఏం చేయగలదో అందరూ రాస్తారు. ఎక్కడ చేయలేదో రాసేవాడే మన మనిషి."

కిందటేడు డిస్కులు సర్దే మాడ్యూల్ ఒకటి వచ్చింది. 'పరీక్ష' అనే పారామీటర్ ఇస్తే, నిజంగా ఏదీ మార్చకుండా, ఏం జరగబోతుందో చూపించి ఊరుకోవాలి. కానీ 'పాతది తుడువు' అన్నదాన్ని దానితో కలిపి ఇస్తే పరీక్ష సంగతి మరిచిపోయి ఉన్నదంతా నిజంగానే తుడిచేసేది. మేడం అది పట్టుకుని, ఈ రెండూ కలిపి ఇవ్వకండి అని పేజీ పైనే రాశారు. మేనేజరు కాల్‌లో తీసేయమన్నారు.

"త్వరలో సరిచేస్తున్నాం కదండీ. ఈలోగా అది చూస్తే కొనేవాళ్ళు భయపడతారు."

"ఈలోగా వాడేవాళ్ళ సంగతేంటండీ?"

"ఒక్క వాక్యానికి ఇంత పట్టుదలేంటి మేడం?"

అప్పుడు చెప్పారు మేడం, మాకెవరికీ తెలియని సంగతి. గది దాటక ఏళ్ళయిన మనిషికి సముద్రం చూడాలనిపించింది. కార్లో పెట్టుకునే చిన్న ఆక్సిజన్ మిషను కొనుక్కుని, భర్తతో కొత్తపట్నం బయల్దేరారు. మిషను కారు ప్లగ్గు మీద నడుస్తుందని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆవిడకు కావలసినంత ఎక్కువ ఆక్సిజన్ ఇస్తుందనీ ఉంది. కారు ప్లగ్గు మీద అంత ఇవ్వడం దానివల్ల కాదని మాత్రం ఎక్కడా లేదు.

"ఒంగోలు చేరకముందే చాలలేదు సార్. అద్దాలన్నీ దించాం. బయట అంత గాలి, నాకు మాత్రం అందదు. పెట్రోలు బంకులో వాళ్ళని మావారు బతిమాలి గోడ ప్లగ్గు ఇప్పించారు. అంబులెన్సు వచ్చేదాకా ఆ గోడకి కట్టేసినట్టు కూర్చున్నాను. మళ్ళీ కారెక్కలేదు. ఆ పుస్తకంలో రెండూ విడివిడిగా నిజమే. కలిపితే ఏమవుతుందో ఎవరైనా రాసుంటే ఇంకో దారి చూసుకునేదాన్ని."

మేనేజరు, "ఉంచండి మేడం," అన్నారు.

తర్వాత కొన్నాళ్ళకు ఏదో ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే అతను మాకు మెయిల్ రాశాడు. ఆ రెండూ కలిపి నడపబోతూ, మా వాక్యం కంటపడి ఆగిపోయాడట. రోగుల వివరాలన్నీ ఆ డిస్కుల్లోనే ఉన్నాయట. నేను చదివి వినిపిస్తే మేడం మైకు ఆపేశారు. చాలాసేపటికి వచ్చి, "ఒకడు ఆగాడమ్మా," అన్నారు. అంతే, తర్వాతి పేజీ తీశారు.

ఆ కబురు చూశాక మార్టూరు వెళ్ళాను. అప్పటిదాకా ఆవిడను తెరమీద తప్ప చూడలేదు. సమాధి దగ్గర పాస్టరు గారి ప్రార్థన అయ్యాక అందరం ఇంటికి వచ్చాం. ఆవిడ భర్త, రిటైరైన బడి మాస్టారు, మాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి బయల్దేరారు. ఇన్నేళ్ళూ మిషను గొట్టం ఆ గుమ్మానికి అడ్డంగా ఉండేదట. అంతా పొద్దున్నే ఎవరో తీసేశారు. ఆ ఖాళీ నేల మీద ఆయన కాలెత్తి, చూసుకుని, జాగ్రత్తగా అవతల వేశారు. రెండు చేతుల్లో గ్లాసులతో తిరిగొస్తూ మళ్ళీ అలాగే వేశారు.