ఎలీషా సెట్టింగు

గుంటూరు చుట్టుగుంటలో కార్లకు స్టీరియోలు బిగించే ఎలీషాకి సన్నని శబ్దాలు వినపడటం మానేసి ఏడేళ్లయింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

మొదట పోయింది కుక్కరు విజిల్. ఆ తర్వాత పిచ్చుకలు, సెల్‌ఫోన్ మోత, గ్లాసుకి చెంచా తగిలిన చప్పుడు. మనుషుల మాటలు ఎదురుగా నిలబడితే అందేవి, పెదాలు కనిపిస్తే ఇంకా బాగా అందేవి. అందుకని ఎప్పుడూ ఎదుటివాడి ముఖంలోకే చూస్తూ మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. జనం దాన్ని నిజాయితీ అనుకున్నారు. చర్చిలో ఆయన్ని సంఘపెద్దని చేయడానికి ఆ చూపు కూడా ఒక కారణమంటే నేను నమ్ముతాను.

డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదని అడగడం తేలిక. దర్జీకి చెయ్యి వణికితే ఎంతో, స్టీరియో మేస్త్రీకి చెవి మందగిస్తే అంత. ఆ మాట చుట్టుగుంట టీకొట్టులో పొద్దున పుడితే మధ్యాహ్నానికి మిర్చి యార్డు దాటుతుంది. మర్నాడు షట్టరు ఎత్తినా బండి రాదు. యాభై ఆరేళ్ల మనిషికి, పొగాకు కంపెనీ జీపులకు కాసెట్ ప్లేయర్లు బిగించిన రోజుల నుంచి ఇదొక్కటే పని తెలిసిన మనిషికి, అది చిన్న భయం కాదు.

కాబట్టి చెవి చేసే పని అరచేతికి అప్పగించాడు. డోరు మీద చెయ్యి ఆనించి దరువు ఎంత కొడుతోందో చెప్పేవాడు. మిగతాది కస్టమరు ముఖం చూసి తేల్చుకునేవాడు. తాళాలు, గజ్జెలు తనకి లీలగా వినపడేదాకా ట్రెబుల్ పెంచేవాడు. కస్టమరు కనుబొమలు పైకి లేస్తే సంతోషించాడని లెక్క. ఏడేళ్లలో అలా కొన్ని వందల బళ్లు. ఆటోలు, కార్లు, ట్రాక్టర్లు, పాటల పరిచర్యకు తిరిగే చర్చి వ్యాను. దానికి ఊళ్లో ఒక పేరు కూడా వచ్చింది. ఎలీషా సెట్టింగు. మిగతా షాపుల వాళ్లూ అదే పెట్టడం మొదలుపెట్టారు. బండి కొన్నవాడికి పక్కవాడు ఇచ్చే మొదటి సలహా అది.

ఆ మార్చిలో నాగజ్యోతి కారు వచ్చింది.

నాగజ్యోతి నల్లపాడు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీ నడుపుతుంది. నలభై ఎనిమిదేళ్లు. కారు ఆమె తండ్రి అంకమ్మరావుది. ముప్పై ఏళ్ల నాటి జపాన్ బండి, ఎరుపు రంగు, రెండే సీట్లు, మడిచి వెనక్కి పెట్టుకునే గుడ్డ టాపు. ఒంగోలు పొగాకు ఎగుమతిదారు ఒకాయన తెప్పించుకుని మోజు తీరాక అమ్మితే అంకమ్మరావు కొన్నాడు. ఆయన పోయాక పదిహేనేళ్లు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో పడి ఉంది. దాన్ని బయటికి లాగి, ఇంజను బాగు చేయించి, టాపు తీసి ఆవిడ ఆఫీసుకి వెళ్లడం మొదలుపెడితే, ఆవిడ ఉండే బ్రాడీపేట నోరు తెరిచింది. ఆ వయసులో ఆడమనిషికి ఇదేమిటన్నారు. మగవాడు ఆ వయసులో బుల్లెట్ కొంటే అనని మాట.

రెండో రకం ఛాందసం విజయవాడ నుంచి వచ్చింది. అక్కడి పాత కార్ల క్లబ్బు వాళ్లు, కంపెనీ కాసెట్ ప్లేయర్ పీకితే బండి మైలపడిపోతుందన్నట్టు ఫోన్ చేసి చెప్పారు. కాసెట్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పమని ఆవిడ అడిగితే ఫోన్ పెట్టేశారు.

ఎలీషా పని మాత్రం ముచ్చటైన పని. ముప్పై ఏళ్ల పాత డాష్‌బోర్డు ఎండి అప్పడంలా ఉంది, గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది. ఇంకొకడైతే పెద్ద స్క్రీన్ కోసం దాన్ని రంపంతో కోసేవాడు. ఎలీషా పాత ప్లేయర్ ఉన్న గూట్లోనే సరిపడే చిన్న స్టీరియో తెచ్చాడు. డోర్లు పలచన కాబట్టి లోపల రేకుకి మెత్తటి షీట్ అంటించి స్పీకర్లు దించాడు. సీట్ల వెనక ఆంప్లిఫయరు, ఒక బేస్ పెట్టె.

డాష్ కింద రెండు బట్ట మూటలు దొరికాయి. విప్పితే ఎండుమిర్చి. నాగజ్యోతి తల్లి కోటిరత్నం షాపుకి వచ్చి గర్వంగా చెప్పింది, షెడ్డులో ఎలకలు వైర్లు కొరక్కుండా తనే పెట్టానని. ఈ చుట్టుపక్కల ట్రాక్టరు ఉన్న ప్రతి ఇంట్లో చేసే పనే. ఎలీషా నవ్వి మూటలు తీసి ఇచ్చాడు. చేతిలో పనేగా అని, ఎప్పుడో కాలిపోయిన ఏసీ బ్లోయరు వైరు కూడా కలిపాడు. టాపు తీసే తిరుగుతోంది కాబట్టి నాగజ్యోతి దాన్ని వేసి చూడలేదు.

వారానికి నాగజ్యోతి తిరిగొచ్చింది. పాట పెట్టినా పెట్టకపోయినా దోమ మూలిగినట్టు ఒక కూత వస్తోందంది. పైగా పాటలో తాళాలు చెవిలో సూదుల్లా గుచ్చుతున్నాయంది. ఎలీషా బండి ఎక్కి కూర్చుని విన్నాడు. ఏమీ లేదు. లేదనే చెప్పాడు. కొత్త స్పీకర్లు కదా, వాడుతుంటే సర్దుకుంటాయన్నాడు.

పది రోజులకి మళ్లీ వచ్చింది. ఈసారి ఆయన అన్నీ విప్పి బిగించాడు. కూత పోలేదు. మీకు వినపడటం లేదా అని ఆవిడ అడిగింది. మామూలుగా అడిగిన మాటే. ఎలీషా చేతిలో స్క్రూడ్రైవరు జారి కింద పడింది. అది సీటు కింద వెతుక్కుంటూ, తల ఎత్తకుండా, ఊళ్లో ఎవరూ అనని మాట మీరొక్కరే అంటున్నారన్నాడు.

ఆవిడకి ఒళ్లు మండింది. అబద్ధమాడుతున్నాడనుకుంది. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఏప్రిల్ మధ్యలో ఒక పదకొండు గంటలప్పుడు, సీజను ముమ్మరంగా ఉన్న రోజు, ఆయన్ని కోల్డ్ స్టోరేజీకే పిలిపించింది. ఆవరణ నిండా లారీలు, హమాలీల కేకలు. బయటి గోల వినపడకుండా కారు టాపు వేసి, అద్దాలు ఎత్తి, ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టింది. ఇంజను స్టార్ట్ చేసి, పాట ఆపి, యాక్సిలరేటరు తొక్కింది. ఇప్పుడు చెప్పండి అంది. ఎలీషా ఆవిడ ముఖం చూశాడు. ఆ ముఖంలో జవాబు దొరకలేదు. లేదన్నాడు.

లోపల పొయ్యిలా ఉంది. ఆవిడ ఏసీ బ్లోయరు మీట నొక్కింది.

తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, కోటిరత్నం పెట్టింది రెండు మూటలే కాదు. ముందు అద్దం కింద గాలి లోపలికి పోయే జాలీ ఉంటుంది. ఎలకలు అందులోంచి దూరతాయని ఏటా ఒక గుప్పెడు కారం ఆ జాలీలో పోసేది. పదిహేనేళ్లు, పదిహేను గుప్పెళ్లు. ఆమెని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. బ్లోయరు తిరగడంతో అదంతా ఇద్దరి ముఖాల మీదికి ఎర్రటి పొగలా కొట్టింది.

డోర్లు తోసుకుని చెరోవైపు పడ్డారు. నాగజ్యోతి కళ్లద్దాలు పెట్టుకుంటుంది కాబట్టి కళ్లు కొంత దక్కాయి. ఎలీషా రెండు కళ్లూ మూసుకుని, దగ్గుతూ, చేతులు చాపి నాలుగడుగులు నడిచాడు. అక్కడ ఆగి వంగాడు. ఆయన వెనక, పదడుగుల దూరంలో, మిర్చి టిక్కీ బస్తాలు ఎత్తిన లారీ రివర్సులో వస్తోంది. దాని బజరు కీ కీ కీ అని ఆవరణంతా చీల్చుకుపోతోంది. హమాలీలు అరుస్తున్నారు. ఆ మనిషి కదలడు. తల కూడా తిప్పడు. చక్రం నాలుగడుగుల్లోకి వచ్చాక నాగజ్యోతి పరుగెత్తి చొక్కా కాలరు పట్టి లాగింది. ఇద్దరూ బస్తాల మీద పడ్డారు.

ఆఫీసు గదిలో ఉన్న కోటిరత్నం చెంబుతో మజ్జిగ తెచ్చి ఎలీషా కళ్లు కడుగుతూ, ఎలకలకి పెట్టాను గానీ మనుషులకి పెట్టానా అని తనలో తను గొణుక్కుంటోంది. హమాలీలు కారం ఘాటుకి మనిషి దిమ్మెరపోయాడని సరిపెట్టుకుని పనిలోకి వెళ్లారు.

నాగజ్యోతి ఒంటి మీద కారం దులుపుకుంది. "ఆ బజరు వినపడలా మీకు?" అని అడిగింది.

కళ్లు తెరవలేని మనిషి, ఆవిడ ముఖం కనపడని మనిషి, ఉన్నమాట అనేశాడు.

"ఏ బజరు?"

లారీ ఇంకా అక్కడే, రివర్సు గేరులోనే ఉంది. బజరు ఇంకా మోగుతూనే ఉంది.

ఆవిడకి అప్పుడు తెలిసింది. మొదట కలిగింది జాలి కాదని ఆవిడే తర్వాత చెప్పింది. తమ్ముడి కారు గుర్తొచ్చింది, రోజూ ఇంటి ముందు నుంచి వెళ్లే ఆటోలు గుర్తొచ్చాయి, చర్చి వ్యాను గుర్తొచ్చింది. అన్నిట్లోనూ అవే సూదులు. గుంటూరు జనానికి చెవులు మొద్దుబారాయని ఇన్నాళ్లూ అనుకుంది.

"ఊరు ఊరంతా మీ చెవులతో వింటోందా ఎలీషా గారూ, ఇన్నాళ్లూ?"

ఎలీషా తడి కళ్లు తుడుచుకున్నాడు. ఏడేళ్ల సంగతి చెప్పాడు, కుక్కరు దగ్గర్నుంచి. అందరూ బాగుందన్నారు కదమ్మా, కనుబొమలు ఎత్తేవాళ్లు కదా అన్నాడు. గుచ్చుకుంటే ఎవరైనా ఎత్తుతారని ఆవిడ చెప్పింది. తనకి బాగోలేదని చెప్పడానికి ఎవడికీ ధైర్యం చాలలేదు. ఎలీషా పెట్టాడంటే తప్పు తన చెవిలోనే ఉందనుకున్నారు. పేరున్నవాడి పని గురించి మన ఊళ్లో జరిగేదే ఇది, స్టీరియోలకే పరిమితం కాదు.

ఈ మాట బయటికి చెబుతారా అని అడిగాడు. ముందు నా కూత ఆపండి, తర్వాత మాట్లాడదామంది.

అప్పుడు ఒక ప్రశ్న వేశాడు. మొదటి రోజే వేయాల్సిన ప్రశ్న, భయం వల్ల వేయనిది. యాక్సిలరేటరు తొక్కితే కూత పెరుగుతోందా? పెరుగుతోందంది. ఆయన తల పట్టుకున్నాడు. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు వైరు ఒక పక్క, పాట మోసే వైరు ఇంకో పక్క లాగాలి. రెండూ కలిసి నడిస్తే ఇంజను ఊళ పాటలోకి దిగుతుంది. ఎలీషా ఎన్నోసార్లు నలుగురికి నేర్పిన సూత్రమే. ఈ బండిలో సందు ఇరుకని రెండూ ఒకే పక్క లాగాడు. చెవి బాగుంటే స్టార్ట్ చేసిన క్షణంలో పట్టుకునేవాడు.

రెండు గంటల్లో వైరు మార్చాడు. ఆవిడ యాక్సిలరేటరు తొక్కుతూ పోయింది పోయింది అంది. తర్వాత ట్రెబుల్ దగ్గర కూర్చున్నారు. ఆయన ఒక్కో మెట్టు దించడం, ఆవిడ ఇంకా అనడం. ఆరు మెట్లు దిగాక చాలంది. ఎలీషాకి పాట మీద దుప్పటి కప్పినట్టుంది. గజ్జెలన్నీ పోయాయి. ఆవిడ కళ్లు మూసుకుని స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తోంది. ఆ ముఖం చూశాడు. కనుబొమలు కదలలేదు.

చెవులు చూపించుకోకపోతే చెబుతాను, చూపించుకుంటే చెప్పను అని ఆవిడ తేల్చేసింది.

ఇంటికెళ్లి భార్య క్రిస్టీనాతో చెప్పడానికి ఆయన గంటసేపు తంటాలు పడ్డాడు. ఆమె పప్పు తాలింపు వేస్తూ వింది. "ఏడేళ్లుగా వంటింట్లోంచి పిలవడం మానేసి నీ దగ్గరికి నడిచొస్తున్నా. కాళ్లు నొప్పులని ఎప్పుడైనా అన్నానా?" అంది. ఆ సాయంత్రమంతా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

చెవి పరీక్ష కాగితం మీద గీత సగం దాకా సాఫీగా నడిచి, అక్కడ్నుంచి బావిలో పడ్డట్టు దిగిపోయింది. చెవి మిషన్లు ఇచ్చారు. సంగతి తెలిసిన పాస్టరు జక్రయ్య గారు, చెవులు లేనివాడి చేత దేవుడు ఊరికి సంగీతం చేయించాడని ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడే చేయిస్తే ట్రెబుల్ అంత పెట్టేవాడు కాదండీ అని ఎలీషా తప్పించుకున్నాడు. ఈ మొత్తం కథలో నాకు నచ్చిన వేదాంతం అదొక్కటే.

ఇంత కాలం దేనికి భయపడ్డాడో అది అసలు జరగనేలేదు. చెవుల వెనక మిషన్లు చూసి బజారంతా అదేదో కొత్త బ్లూటూత్ అనుకుంది. ఎక్కడ దొరుకుతుందని ఇద్దరు అడిగారు కూడా.

మిషన్లు పెట్టుకున్న మూడో రోజు, షాపు ముందు నిలబడి ఉంటే ఒక ఆటో వచ్చి సిగ్నల్ దగ్గర ఆగింది. దాని వెనక సీట్లోంచి వచ్చిన శబ్దానికి ఎలీషా ఒక అడుగు వెనక్కి వేశాడు. రేకు మీద మేకుతో గీసినట్టుంది. బేస్ పెట్టె మీద తన షాపు స్టిక్కరు సగం చిరిగి కనపడుతోంది. దగ్గరికెళ్లి, బండి పక్కకి పెట్టు బాబూ, రెండు నిమిషాల్లో సరిచేసి ఇస్తానని, స్టీరియో మీదికి చెయ్యి చాపాడు.

డ్రైవరు పేరు పీరు. నరసరావుపేటలో సెకండ్ హ్యాండులో కొన్నాడట. ఎలీషాని ఎప్పుడూ చూడలేదు. చేతిని మర్యాదగానే పక్కకి నెట్టాడు.

"ఇది ఎలీషా గారి సెట్టింగండీ. చెయ్యి పెట్టమాకండి."

గ్రీన్ సిగ్నల్ పడింది. ఆటో యార్డు వైపు మలుపు తిరిగేదాకా ఎలీషా రోడ్డు మీద చెవులు మూసుకుని నిలబడ్డాడు.