ఒక ఊపిరికి సరిపోయే వాక్యం

మద్రాసు పాండీ బజార్‌లో సైకిల్‌కు స్టీలు డబ్బా కట్టుకుని సుక్కు కాఫీ అమ్మే మనిషి ఇప్పటికీ సాయంత్రం నాలుగింటికి వస్తాడు. మొన్న అతను మూత తీయగానే శొంఠి, ధనియాలు, తాటిబెల్లం కలిసిన ఆవిరి మొహానికి తగిలింది. చేతిలోని సంచీ కింద పెట్టి అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు ఒక గొంతు వినిపిస్తుంది.

ఆ గొంతు ఆండాళమ్మ గారిది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆ బజారు వెనక సందులో, ఒక మేడ మీద తెలుగు మాసపత్రిక ఆఫీసు ఉండేది. ఒంగోలు నుంచి వచ్చి అందులో ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. అక్కడ ప్రూఫులు ఇద్దరు కూర్చుని చూసేవాళ్ళం. ఒకరు రచయిత రాసిచ్చిన కాగితాలు పైకి చదవాలి, రెండోవారు అచ్చుప్రతిలో తప్పులు గుర్తుపెట్టాలి. చదివే పని ఆవిడది. కామా వస్తే ‘కామా’ అనేవారు, వాక్యం ముగిస్తే ‘ఫుల్‌స్టాప్’, పేరా మారితే ‘కొత్త పేరా’ అనేవారు. ఏడిపించే కథైనా వంకాయ కూర చేసే విధానమైనా ఒకటే స్వరం. రోజంతా అట్లా చదివితే గొంతు ఏం మిగులుతుంది? అందుకని ఇంటి నుంచి ఫ్లాస్కు నిండా సుక్కు కాఫీ తెచ్చుకునేవారు. వాళ్ళది తరతరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో పిల్లలతో అరవం, ఆఫీసులో తెలుగు. ఆవిడ బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. నేను తెలుగు ఎం.ఏ. ఆ తేడాను నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ఆవిడకు ఒక అలవాటు ఉండేది. చదువుతూ చదువుతూ వాక్యం మధ్యలో ఊపిరి చాలకపోతే, అక్కడ కాగితం మీద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేవారు. “ఎందుకక్కా?” అని అడిగితే, “ఊరికే, నా గుర్తుకి” అనేవారు.

నా మొదటి కథ ఆ పత్రికకే తీసుకున్నారు. ఆ కాగితాలూ ఆవిడ చేతికే వచ్చాయి. భార్య చనిపోయిన మనిషి కథ అది. అతని దుఃఖాన్ని పేజీన్నర వర్ణించాను. హోరెత్తే సముద్రం, అమావాస్య, రెక్క తెగిన పక్షి, ఏదీ వదల్లేదు. ఆవిడ చదివారు, చుక్క పెట్టారు, మళ్ళీ చదివారు, మళ్ళీ చుక్క పెట్టారు. తొమ్మిదో చుక్క దగ్గర కాగితం దించారు.

“తంబీ, ఈడ నాకు ఊపిరి ఆడలా.”

“అది దుఃఖం అక్కా. అట్లాగే ఉంటుంది.”

“దుక్కమా? నాకు ఆయాసం గదబ్బా వస్తా ఉండేది!” అని నవ్వారు. “సరి, అది పోనీ. పెండ్లాం చచ్చిపోయినాక ఈయప్ప పనికి పోయినాడా, లేదా?”

“కథకు అది అనవసరం.”

“మా నాయనైతే పనికి పోయినాడు,” అన్నారు.

ఆవిడ తండ్రి మద్రాసు శివారు మనలిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారట. “మా అమ్మ కాలమైన నాలుగోనాడు షిఫ్టుకి పోయినాడు. అలవాటు గదా, క్యారియర్ చేత పట్టుకునే పోయినాడు. దాంట్లో అన్నం పెట్టేదానికి ఎవురుండారు? మద్దేనం అందరితో కూర్చోని మూత తీసినాడంట. చూసినాడంట. మళ్ళా మూత పెట్టి, లేచిపోయి చెయ్యి కడుక్కున్యాడంట. పక్కన తినే ఆయన సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెప్పినాడు. ఇంక బడి చాలనుకోని, మర్నాటి నుంచి క్యారియర్ నేనే కట్టిచ్చినా.”

అంతవరకు చెప్పి, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుని తాగి, ఆపిన చోటినుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టారు.

మర్నాడు నేను ఆ పేజీన్నర కొట్టేశాను. దాని స్థానంలో మూడు వాక్యాలు రాశాను. ‘నాలుగోనాడు అతను పనికి వెళ్ళాడు. మధ్యాహ్నం ఖాళీ క్యారియర్ మూత తీసి చూశాడు. మళ్ళీ మూత పెట్టి, వెళ్ళి చేయి కడుక్కున్నాడు.’ ఆవిడను అడగలేదు. మార్చిన కాగితాలు చదవాల్సింది కూడా ఆవిడే అని తెలిసినా అడగలేదు.

ఆవిడ ఎప్పటి స్వరంతోనే చదివారు. “చేయి కడుక్కున్నాడు, ఫుల్‌స్టాప్” అని ఆగారు. పెన్సిల్ కాగితం మీదికి రాలేదు.

“ఇప్పుడు ఊపిరి సరిపోయింది తంబీ.” మెల్లగా అడిగారు. “మా నాయన పేరు ఎయ్యలేదు గదా?”

“లేదక్కా.”

“సరి. కొత్త పేరా,” అని ముందుకు వెళ్ళిపోయారు.

నన్ను రచయితను చేసింది ఆ మూడు వాక్యాలే. కథ మరిచిపోయిన వాళ్ళు కూడా ఆ క్యారియర్‌ను గుర్తుపెట్టుకున్నారు. ఆ తర్వాత మూడేళ్ళు నేను రాసిన ప్రతి కథా ముందు ఆవిడ పైకి చదివేవారు. నేను చుక్కలు లెక్కపెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి దిద్దుకునేవాణ్ణి. దుఃఖం వచ్చిన చోట మనిషి చేతులు ఏం చేస్తున్నాయో చూడాలని నేర్చుకున్నది అక్కడే.

చాలా ఏళ్ళకు నా కథల పుస్తకం వచ్చింది. టి. నగర్‌లోనే ఒక హాల్లో సభ పెట్టారు. ఆ క్యారియర్ దృశ్యం ఎలా తట్టిందని ఒకరు అడిగారు. “ఊహించాను,” అన్నాను. మీ శైలికి గురువెవరని ఇంకొకరు అడిగారు. “గురువులెవరూ లేరు. మా ఆఫీసులో ఎనిమిదో తరగతి చదివిన ఒకావిడ మాత్రం ఉండేది. నా వర్ణనలు చదవలేక అల్లాడిపోయేది” అని, “తంబీ, ఈడ నాకు ఊపిరి ఆడలా” అంటూ రొప్పి చూపించాను. హాలంతా ఘొల్లుమంది. వెనక వరసలో ఆండాళమ్మ గారు కూర్చుని ఉన్నారు. ఆహ్వానం పంపింది నేనే. వస్తారనుకోలేదు.

సభ అయ్యాక దగ్గరికి వచ్చారు. “బాగా మాట్లాడినావు తంబీ. ఒగ చోట మాత్రం పొడుగైపోయింది.”

“ఎక్కడక్కా?”

“నా కాడ.”

నవ్వుతూనే అన్నారు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి నా చేతికిచ్చారు. “తాగు. గొంతు పట్టేసుండాది నీకు.”

క్షమించమని అడగాల్సిన సమయం అదే. అంతలో ఎవరో సంతకానికి పుస్తకం చాపారు. తలెత్తేసరికి ఆవిడ లేరు. ఆ తర్వాత కూడా ఇంకో రెండు సభల్లో అదే అనుకరణ చేశాను, జనం నవ్వుతారు కదా అని. ఆవిడ పోయిన సంగతి నాకు నెల ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఆ పుస్తకం మళ్ళీ అచ్చవుతోంది, కొత్త ముందుమాట కావాలన్నారు. బజారు నుంచి ఇంటికొచ్చి ఐదు పేజీలు రాశాను. వాటిని తీసుకుని ఆండాళమ్మ గారి కూతురు సెల్వి ఇంటికి వెళ్ళాను.

“నాకు తెలుగు చదివేదానికి రాదన్నా, మీరే చదవండి,” అంది.

పైకి చదవడం మొదలుపెట్టాను. క్యారియర్ దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపింది. “మా తాత గదా ఇది? అమ్మ చెప్పింది. మీ తాత కత ఒకాయన రాసినాడు, చెయ్యి కడుక్కున్నాడని ఆడనే నిలిపినాడు, దానికి మించి ఒక్క మాట రాయలేదు అని. ఎవురొచ్చినా చెప్పేది.”

కాగితంలోంచి తల ఎత్తలేకపోయాను. అలాగే చదువుకుంటూ పోయాను. నా పశ్చాత్తాపం మొదలైన మూడో పేజీలో ఊపిరి చాలక ఆగిపోయాను. సెల్వి నవ్వింది. “అమ్మ ఉండుంటే ఈపాటికి పెన్సిల్ అరిగిపోయుండును.” ఆ తర్వాత నెమ్మదిగా అంది. “అమ్మ పేరు ఎయ్యండి అన్నా. తాత పేరు వొద్దు.”

ఇంటికొచ్చి మళ్ళీ పైకి చదువుతూ ఊపిరి చాలని చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టాను. చుక్కలన్నీ నేను నా బాధను వర్ణించుకున్న దగ్గరే పడ్డాయి. అవన్నీ కొట్టేస్తే ముందుమాటగా మిగిలింది ఇంత:

‘ఈ పుస్తకంలో ఖాళీ క్యారియర్ నా ఊహ కాదు. అది ఆండాళమ్మ గారి తండ్రిది. ఆవిడ నాకు చెప్పారు, నేను అడక్కుండా తీసుకున్నాను. సభల్లో ఆవిడను వెక్కిరించి నవ్వించాను. నాకు రాయడం నేర్పింది ఆవిడే.’

కామాతో, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదివాను. ఊపిరి సరిపోయింది.