బీప్ కంటే ముందే పలికిన ఆమేన్

సహోదరులారా, ఈదకుండానే ఓడిపోవడం ఎలా ఉంటుందో మీకు తెలియదు, కొలంబో ఈతకొలనులో నాకు తెలిసింది, ఆ తర్వాత చాలాకాలం నీళ్లను చూస్తేనే నాకు చిరాకు పుట్టేది. సంఘం ముందు నిలబడితే నోరు పెగలదు కాబట్టి ఈ సాక్ష్యం రాసి పంపుతున్నాను.

నేను ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంటి పిల్లను. కాలువలో ఈత నేర్చుకుని, యాభై మీటర్ల ఫ్రీస్టైల్‌లో దేశం తరఫున ఈదేదాకా వచ్చాను. మా ఇంట్లో మగ్గం ఎక్కాలన్నా, అన్నం ముట్టాలన్నా ముందు ప్రార్థన, ఆమేన్ అన్నాకే చెయ్యి కదలాలి. కొలంబోలో దూకే దిమ్మె మీద వంగి, లోలోపల ప్రార్థించుకుని, ఆమేన్ అనగానే అలవాటుగా దూకేశాను. పందెం మొదలుపెట్టే బీప్ ఇంకా మోగలేదు. పందెం నుంచి తీసేశారు.

ఇంటికొస్తే ఓదార్పు వేరే. మా మేనత్త, "అందరికంటే ముందు దూకితివంటే నువ్వే ఫస్టు గదమ్మా, వాళ్లకేం నొప్పి?" అనింది. స్త్రీల కూడిక నడిపే మార్తమ్మక్క, "ప్రార్థన పొట్టిగా సేసింటావు పాపా, పొడుగ్గా సెయ్యి" అనింది. చేశాను. తర్వాతి పోటీలో బీప్ మోగింది, నా ప్రార్థన మాత్రం ముగియలేదు, దేవునితో మాట మధ్యలో తెంపకూడదని నిలబడ్డాను, ఆమేన్ అని దూకేసరికి మిగతావాళ్లు సగం దూరం పోయారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే జట్టులో పేరుండదని కోచ్ చెప్పేశారు.

ఆ వారం ఇంట్లో మోకరించి, మగ్గం చప్పుడులో ఎవరికీ వినపడదనుకుని గట్టిగానే అడిగాను: "ప్రభువా, నాకు విసుగొచ్చింది. నిన్ను తలుచుకున్నందుకే ఓడిపోతున్నాను. ప్రార్థించాలా, ఈదాలా, ఏదో ఒకటి చెప్పు."

మగ్గం ఆగింది. మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్న నాయన తల ఎత్తకుండానే అన్నాడు: "అంతసేపూ నువ్వే మాట్లాడ్తాంటే ఆయన యాడ మాట్లాడాలమ్మా? సెప్పేదేదో ముందే సెప్పి ఆమేన్ అనేసి పో. ఆడికి పోయినాక గమ్మునుండి విను."

సహోదరులారా, ఇన్ని ఉపవాస ప్రార్థనలు చేసిన నాకు ఇంత చిన్న మాట తోచలేదు చూడండి. దోహా పోటీలో బట్టలు మార్చుకునే గదిలోనే ఆమేన్ అనేశాను. దిమ్మె మీద లోపల ఒక్క మాట లేదు. ఆ నిశ్శబ్దంలో మొదట భయమేసింది, తర్వాత పక్కన ఎవరో నిలబడినంత ధైర్యం వచ్చింది, బీప్ మోగడం, నా కాళ్లు లేవడం ఒక్కసారే జరిగాయి. ఫైనల్‌కు చేరాను, జట్టులో నా పేరు నిలిచింది. పతకం రాలేదు. ఎలాగూ అడుగుతారని ముందే రాస్తున్నాను.

అయినా దేవునికే మహిమ. అడిగి అడిగి మీలో ఎవరైనా దేవుని మీద విసిగిపోయి ఉంటే, దాచుకోకండి, ఆ విసుగునే ఆయన ముందు పెట్టి, ఆయన్ని నమ్మి కాసేపు ఊరికే ఉండండి. నా మీద ఆయన కోప్పడలేదు.