అవతలి నుంచి అందిన పోగు

దయ్యాల సంగతి వస్తే మా వీధివాళ్లు నా ముందు నోరు మెదపరు. నేను ఎగతాళి చేస్తానని వాళ్లకు తెలుసు. గద్వాలలో మాది మగ్గాల వీధి. ఎవరూ లేని ఇంట్లో మగ్గం చప్పుడైందని ఏడాదికోసారి ఎవరో ఒకరు పుకారు పుట్టిస్తారు. ఒకసారి అలాంటి ఇంట్లోకి నేనే వెళ్లాను. మగ్గం కింద గుంతలో కాపురం పెట్టిన ఎలుకను తోక పట్టుకుని బయటికి తెచ్చి అందరికీ చూపించాను. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. ఇప్పుడు ఈ సంగతి చెబుతున్నది అలాంటి మనిషి.

చిన్నప్పుడు తట్టు పోసి నా ఎడమ కన్ను పోయింది. కుడి కంటితోనే నేత నేర్చుకున్నాను, పెళ్లి చేసుకున్నాను, బిడ్డను పెంచాను. రెండేళ్ల కింద ఎండాకాలంలో ఆ కంటి మూలన మెరుపులు మొదలయ్యాయి. ఎండ దెబ్బ అనుకుని ఊరుకున్నాను. నాలుగో రోజుకు పక్క నుంచి నల్లటి తెర దిగింది. కర్నూలులో కళ్ల దవాఖానకు పోతే, కంటి లోపలి పొర ఊడిందని చెప్పి మర్నాడే ఆపరేషన్ చేశారు.

కంట్లో గాలి బుడగ పెట్టారట. అది పొరను నొక్కి పట్టాలంటే పది రోజులు తల దించుకునే ఉండాలి. పడుకున్నా బోర్లానే పడుకోవాలి. బుడగ కరిగేదాకా వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియదు.

"తర్వాతనన్న చూపొస్తదా సార్?" అని అడిగాను.

"ఇప్పుడే చెప్పలేం" అన్నాడు డాక్టరు, దయగానే.

ఆ మాట నన్ను తినేసింది. పోయిందంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. వస్తుందంటే ఓపిక పట్టేదాన్ని. చెప్పలేం అంటే మనిషి ఏం చేయాలి? ఇంటికొచ్చి బోర్లా పడుకుని, దిండులో ముఖం పెట్టుకుని అదే ఆలోచన. గుడ్డిదాన్నయితే ఎవరు అన్నం కలిపి పెడతారు, ఎవరి చేయి పట్టుకుని దొడ్డికి పోవాలి, బిడ్డ చదువు మానేసి నా పక్కన కూర్చుంటుందా. ఒక భయం తీరకముందే ఇంకొకటి పుట్టేది. దయ్యాన్నయితే ఎలుకలాగా తోక పట్టి చూపించగలను. దీన్ని ఎక్కడ పట్టుకోను?

మా ఇంట్లో ఒకటే మగ్గం. దాని మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోయింది, కొత్తది తెచ్చి సిద్ధంగా పెట్టాం. పాత పడుగు కొసలను పూర్తిగా లాగేయం. వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్కొక్క పాత పోగు కొసకు ఒక్కొక్క కొత్త పోగును కలిపి మెలి తిప్పి అతుకుతాం. మధ్యలో నూలు, అంచుల్లో పట్టు. మా ఇంట్లో ఈ పని నాది. మా ఆయన వేళ్లు మొద్దు. ఇద్దరుంటే సుఖం: అవతల కూర్చున్నవాళ్లు వరుసలో పోగు తీసి అందిస్తారు, ఇవతలివాళ్లు అతుకుతారు. ఒక్క నియమం ఉంది. అతికేటప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడితే ధ్యాస తప్పి పోగుల వరుస మారుతుంది. ఆ తప్పు చీర పొడవునా గీతలా పడుతుంది. అందుకే ఎవరొచ్చి ఎదురుగా కూర్చున్నా పలకరించం.

ఆరో రోజు పొద్దున మా ఆయన బిడ్డను వనపర్తి కాలేజీ హాస్టల్లో దింపి రావడానికి బయల్దేరాడు. నాకు కళ్లు లేవు కాబట్టి కుక్కలు దూరకుండా వాకిలికి బయట గొళ్లెం పెట్టాడు. మధ్యాహ్నం అన్నం వేళకు మా తోడికోడలు అనిత వస్తుందన్నాడు. ఆమెది పక్కిల్లే.

వాళ్లు పోయాక పడుకోలేకపోయాను. కాలుగాలిన పిల్లిలా గోడలు తడుముకుంటూ ఇల్లంతా తిరిగాను. తిరిగి తిరిగి మగ్గం దగ్గర తేలాను. తల దించుకుని ఉండమన్నారు కదా, మగ్గం దగ్గర మేము పుట్టినప్పటి నుంచీ తల దించుకునే ఉంటాం. నాకు నవ్వొచ్చింది. పాత పడుగు వైపు కూర్చుని కొసలు తడిమాను. వేళ్లకు అన్నీ తెలిసినవే. బూడిద చిప్ప కూడా ఎప్పుడూ ఉండే చోటే ఉంది. చూపు రాకపోయినా ఈ పనైనా మిగులుతుందా అని తెలుసుకోవాలనిపించింది.

మిగల్లేదు. పాత పోగు దొరికింది కానీ కొత్త పోగు ఏదో తెలియలేదు. అవతల మా ఆయన కొత్త కొసలను గుత్తులు చేసి దారపు ముక్కలతో ముడివేసి పెట్టాడు. ఇవతలి నుంచి చేయి చాపితే ఒక గుత్తి అంచు తగిలింది, ముడి అందలేదు. చాపీ చాపీ భుజం లాగింది. ఇంక నా బతుకింతే అనుకున్నాను. ఏడవకూడదన్నారు, అయినా ఏడ్చాను.

చేయి అలా చాపే ఉంది. వేళ్ల మధ్యకు ఒక పోగు వచ్చింది.

అనిత వచ్చిందనుకున్నాను. పెందలాడే వచ్చింది, నా ఏడుపు విని కూర్చుంది, ఆమెది మంచి మనసు అనుకున్నాను. నియమం ప్రకారం మాట్లాడలేదు. ఆ పోగును అతికి చేయి చాపాను. ఇంకో పోగు వచ్చింది. ఇక వరుసగా అతుకుతూ పోయాను. అంచు పట్టు అయిపోయి నూలు మొదలయ్యే చోట కొత్తవాళ్లు తడబడతారు. ఆ చేతికి తడబాటు లేదు. పోగు ఎంత బిగువుగా రావాలో అంత బిగువుగానే వచ్చింది. వేళ్లు మాత్రం ఒక్కసారి కూడా తగల్లేదు. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

నిజం చెప్పాలంటే ఆపరేషన్ తర్వాత నేను సుఖంగా ఉన్నది ఆ కాసేపే. డాక్టరు మాట ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఈ పోగు తర్వాత ఇంకో పోగు వస్తుంది, అంతే. అంతకు మించి ఏమీ తెలుసుకోవాలనిపించలేదు.

వాకిలి గొళ్లెం తీసిన చప్పుడైంది.

"అక్కా, అన్నం తెచ్చిన" అని అనిత గొంతు వాకిట్లోంచి వినబడింది.

నా వేళ్లలో అప్పుడే అందిన పోగు ఉంది. దాని అవతలి కొస మెల్లగా వదులైంది.

అనిత లోపలికొచ్చి మగ్గానికి అవతల, పోగులు అందించేవాళ్లు కూర్చునే కిటికీ వైపు నిలబడింది. నా ఒళ్లో వెలుతురు మసకబారింది. అంతసేపూ ఒక్కసారి కూడా అలా మసకబారలేదు.

"గిదేంది అక్కా, సగం అతికినవ్! ఎవలు అందిచ్చిన్రు?"

"నువ్ గాదా?"

"నేను గిప్పుడే గద వచ్చింది! ఇంట్ల ఎవలున్నరని?"

సాయంత్రం మా ఆయన వచ్చి దీపం దగ్గర పెట్టుకుని అతుకులన్నీ చూశాడు. ఒక్క పోగు తప్పలేదు. "నీ ఏళ్లకే కండ్లున్నయే పద్మా" అని నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అదే నిజమనుకుందామని గట్టిగా అనుకున్నాను. అంతలో ఆయన నవ్వు ఆగిపోయింది. తాను గుత్తులకు కట్టిన దారపు ముక్కలు, విప్పినవి విప్పినట్టు, కిటికీ గూట్లో పక్కపక్కన పేర్చి ఉన్నాయట. ఆ గూడు మగ్గానికి అవతల ఉంది. నేను కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"గివి నువ్ ఇప్పినవా?"

"లే."

అనిత ఎవరినైనా పిలిపించి దిష్టి తీయిద్దామని పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు. మర్నాడు అదే వేళకు, గొళ్లెం పెట్టించుకుని మళ్లీ కూర్చున్నాను. ఎవరినీ నమ్మని నేను చేయి చాపుకుని మధ్యాహ్నం దాకా ఎదురు చూశాను. ఏమీ అందలేదు. మిగతా సగం అనితే అందించింది, భయంతో నా వేళ్లను పదే పదే తాకుతూ.

నెల తర్వాత చూపు వచ్చింది, పూర్తిగా కాదు కానీ పనికి సరిపోయేంత. మగ్గం మీద మొదటి చీర కోసినప్పుడు అతుకుల ముక్కను వేరుగా తీసి ఎండలో పట్టి చూశాను. మెలికలన్నీ నావే. మా అమ్మ నేర్పిన తిప్పుడే, ఇంకెవరి చేతి పనీ కాదు. కాకపోతే నావి మెలికలు మాత్రమే. పోగులు ఎవరు తీశారో మెలికలు చెప్పవు.

నిద్రమత్తులో నేనే లేచి ముడులు విప్పానేమో. కంట్లో వేసిన చుక్కల మందు వల్ల బుద్ధి చెదిరిందేమో. మా ఆయనే కట్టలేదేమో, మరిచిపోయాడేమో. ఇలా ఎన్నో అనుకున్నాను. ఒక్కటీ కుదరలేదు. ఒకసారి మా ఆయనే అన్నాడు: "ఎవలైతేంది, పోగు తప్పలే గద." ఆయనకు అది చాలు. నాకు చాలదు.

ఆ గదిలో ఎవరో ఉన్నారని అనిత ఇప్పటికీ ఒంటరిగా అందులో అడుగు పెట్టదు. నా భయం వేరు. ఆ రోజు అక్కడ ఎవరూ లేరేమోనని నాకు భయం.

నిన్నటి నుంచి కంటి మూలన మళ్లీ ఒక మెరుపు కనబడుతోంది. రేపు మొదటి బస్సుకు కర్నూలు పోతున్నాం. వాళ్లు ఏమంటారో తెలియదు. ఇవాళ పొద్దున కొత్త పడుగు అతకాల్సి ఉండి, అనితను జర ఆగి రమ్మన్నాను. కన్ను మూసుకుని, తల దించుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో, అనిత వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఎవల కోసం అక్కా, చెయ్యి చాపుకోని కూసున్నవ్?"

"తెల్వదు అనితా" అన్నాను. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.