సోలార్ పలకలకు ఆయుధపూజ

వడమాలపేట దాటాక గుట్ట కింద సెల్ టవరు ఉందే, దానికి పద్నాలుగేళ్లు కాపలా కాసినవాడు సుందరరాజు. కరెంటు పోతే జనరేటరు వేయాలి, డీజిల్ పోయాలి, అంతే పని. అంతే అంటే అంతేనా! గాలివానలో కూడా ఊళ్లో ఫోన్లు మోగాయంటే ఆ మహానుభావుడి చలవే. ఒళ్లంతా డీజిల్ కంపని భార్య వసంతమ్మ సణిగినా, ఆ కంపుతోనే ఇల్లు గడిచింది.

ఈ ఏడు కంపెనీవాళ్ల కన్ను పొగ మీద పడింది. భూమి వేడెక్కిపోతోందట, పొగ తగ్గించాలట. తప్పని ఎవరంటారు? సోలార్ పలకలు, పెద్ద బ్యాటరీలు దిగాయి. ఇంజనీరు వంశీ వచ్చి విషయం చెప్పాడు.

"ఇంక జనరేటరు పని లేదన్నా. పలకలు తుడిచేదానికి ఒక్కరు కావాల. నెల రోజులు సూస్తాము. కరెంటు బాగా వస్తే నువ్వే ఉంటావు. తిరుపతి ఆఫీసులో కంప్యూటర్లో అంతా కనపడతాది."

సుందరరాజుకు ప్రాణం లేచొచ్చింది. యాభై రెండేళ్ల వయసులో, అరిగిన మోకాళ్లతో పోతే ఇంకెవడు పనిస్తాడు? రోజూ పొద్దున్నే పాత పంచె తడిపి, పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడిచాడు. ఇరవై ఆరు రోజులు నిక్షేపంగా గడిచాయి.

ఇరవై ఏడో నాడు ఆయుధపూజ. జనరేటరుకు ఏటా చేసినవాడు, కూడు పెట్టబోయే పలకలను ఊరికే వదులుతాడా? ఒక్కోదానికి పసుపు, గంధం కలిపి మూడేసి పట్టెలు దిద్దాడు. నడుమ కుంకుమ పెట్టాడు. గుమ్మడికాయ కొట్టి, "తల్లీ, నా కూడు నీ సేతిలో ఉండాది" అని సాష్టాంగపడ్డాడు.

మధ్యాహ్నానికి వంశీ ఫోను. "ఏందన్నా, కరెంటు సగానికి పడిపోయింది! పలకల మీద ఏం పడింది?"

"ఏం లేదు సార్... పండగ గదా, బొట్లు పెట్టినా."

"తుడిచెయ్ అన్నా, బిరబిరా!"

ఎండకు గంధం పెచ్చు కట్టింది. తడిగుడ్డకు రాలేదు. గిన్నెలు తోమే పీచు తెచ్చి, ఇసుక చల్లి బరబరా రుద్దాడు. అయ్యో, ఆ పని చేయకుంటే ఎంత బాగుండు! మరకలు పోయాయి గానీ, అద్దాల నిండా గీతలు పడ్డాయి, కరెంటు మళ్లీ మునుపటంత రాలేదు.

నెల నిండిన రోజు జనరేటరు కోసం లారీ వచ్చింది. వంశీ పలకలను వేలితో తడిమి తల దించుకున్నాడు. "నేనేం జేసేదన్నా? వేరే మనిషిని పంపిస్తామన్నారు."

సుందరరాజు లారీ దగ్గరికి నడిచాడు. నిరుడు తాను పెట్టిన కుంకుమ జనరేటరు మీద ఇంకా ఉంది.

"దీన్ని యాడికి తీసకపోతావుండావప్పా?" అని డ్రైవరును అడిగాడు.

"పాతినుముకు."

"నన్ను గూడా ఎక్కించుకో అప్పా. ఇంటికి పొయ్యి ఆయమ్మకు ఏమని చెప్పేది?"