దారి పక్క మూడు గూటాలు

నా చిన్నప్పుడు ఎనిమిది రోజుల పాటు మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఒక నల్లబోర్డు వేలాడింది. ఆ ఎనిమిది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. వాటి తర్వాత వచ్చిన ఆదివారం తలుచుకుంటే మాత్రం కూర్చున్న చోట కూర్చోలేను, లేచి అటూ ఇటూ తిరుగుతాను. నేను మొదటి నుంచీ తొందర మనిషిని లెండి. చెప్పడంలోనూ అంతే. ఎవరైనా నడుమ ఆపకపోతే గోదావరిఖనిలో మొదలుపెట్టి మంథనిలో తేలుతాను.

అప్పుడు నాకు పదేళ్లు. గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా నాన్నను నేను బాపు అని పిలిచేదాన్ని. బాపు గనిలోకి దిగి బొగ్గు తవ్వేవాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. భుజాలతో పాటు పొట్ట కూడా బాగానే పెరిగింది. ఎందుకు పెరగదు? షిఫ్టు దిగి వస్తూ వస్తూ హోటల్లో మిర్చి బజ్జీలు, ఇంటికొచ్చాక మళ్లీ కంచం నిండా అన్నం, ఆపైన నిద్ర. ఆ ఏడాది దవాఖానలో పరీక్ష చేసిన డాక్టరు బరువు చూసి, బీపీ చూసి, మూడు నెలల గడువు పెట్టాడు. ఈలోగా రెండూ దిగి రాకపోతే అన్‌ఫిట్ అని రాయాల్సి వస్తుందన్నాడు.

అన్‌ఫిట్ అంటే ఇక గనిలోకి దిగనివ్వరు, పైన ఏదో తేలిక పని చూపిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, బాపుకు గుండె జారిపోయింది. పన్నెండేళ్లుగా ఒకే జట్టుతో దిగి, ఒకే జట్టుతో పైకి వచ్చిన మనిషి. తన వాళ్లంతా తలకు దీపాలు పెట్టుకుని దిగిపోతుంటే తాను పైన నిలబడి చూడాలి. ఆ రోజు బాపు అన్నం ముందు కూర్చుని కూడా ముద్ద ఎత్తలేదు. బాపు అన్నం వదిలేయడం నేను చూసింది అదే మొదటిసారి. నాకు చాలా భయం వేసింది.

మర్నాడు పొద్దున లేచేసరికి మనిషి మారిపోయాడు. డాక్టరు రోజూ సైకిలు తొక్కమన్నాడట, ఇంట్లో అందరూ తొక్కితే మరీ మంచిదన్నాడట. ఎక్కడి నుంచి తెచ్చాడో తెలియదు, ఒక నల్లబోర్డు తెచ్చి గోడకు తగిలించాడు. గని ఆఫీసు ముందు అలాంటిదే ఒకటి ఉండేది. ఆ రోజు ఎంత బొగ్గు తీయాలి, ఎంత తీశారు అని దాని మీద చాక్‌పీసుతో రాసేవారు. బాపు మా బోర్డు మీద కూడా రెండు గళ్లు గీశాడు. టార్గెట్ అని ఒకటి, అయినది అని ఒకటి. టార్గెట్ కింద పది కిలోమీటర్లు అని రాశాడు. తనకూ పదే, అమ్మకూ పదే, నాకూ పదే. అమ్మకు తొక్కడం రాదు కాబట్టి బాపు వెనక క్యారియర్ మీద కూర్చోవాలి. నాకు అద్దె సైకిలు ఇప్పిస్తానన్నాడు. అద్దె సైకిలు, అదీ రోజూ! నేను వాడకట్టంతా తిరిగి చెప్పి వచ్చాను.

మొదటి రోజు ఆరు కిలోమీటర్లు తొక్కాం. గనిలో ఒక పద్ధతి ఉండేది, ఇవాళ తగ్గిన బొగ్గును రేపటి టార్గెట్‌లో కలిపేవారు. బాపు అదే పద్ధతి ఇంట్లో పెట్టాడు. కాబట్టి రెండో రోజు పద్నాలుగు. తొడలు పట్టేసి అయిదుతోనే వెనక్కి వచ్చాం. మూడో రోజు పంతొమ్మిది. మూడు తొక్కేసరికే బాపు చెట్టు కింద కూలబడ్డాడు. నాలుగో రోజు ఇరవై ఆరు. ఆ రోజు నుంచి బోర్డు మీద అంకె పెరగడమే గానీ ముగ్గురం కలిసి తొక్కింది లేదు. ఎనిమిదో రోజుకు అరవై ఆరు అయింది. అంటే ఇంచుమించు కరీంనగర్ పోవాలన్నమాట, అదీ అమ్మను వెనక కూర్చోబెట్టుకుని.

అయినా బాపు రోజూ సాయంత్రం సైకిలు తీసేవాడు. ఒక్కడే తొక్కి వస్తానని చెప్పి పోయేవాడు. ఎనిమిదో రోజు అమ్మ నన్ను ఉప్పుకు పంపింది. దారిలో హోటలు ముందు బాపు సైకిలు కనిపించింది. లోపల బాపు, ఆయన ముందు బజ్జీల ప్లేటు. నన్ను చూసి మొహం ఎర్రబడింది, గబుక్కున ఒక బజ్జీ నా చేతిలో పెట్టాడు. నేనూ గబుక్కున తినేశాను. ఇద్దరం దొంగలమే.

అదే రోజు రాత్రి బువ్వ వేళకు మా తాత ఊరి నుంచి సైకిలు మీద వచ్చాడు. అమ్మకు తండ్రి. ఒకప్పుడు ఆయనా గనిలోనే చేసేవాడు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కింద కర్ర దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఉద్యోగం నుంచి దిగిపోయాక మంథని వైపు తన పల్లెకు పోయి వ్యవసాయం చేసుకుంటున్నాడు. మాట తక్కువ. ఆ బోర్డేమిటని నన్నడిగితే బజ్జీ సంగతి తప్ప అంతా ఏకరువు పెట్టాను. విన్నాడు. లేచి బోర్డు దించి, దీని మీద మిరపకాయలు ఆరబోసుకొమ్మని అమ్మ చేతికిచ్చాడు. బాపుకు కోపం వచ్చిందో, గండం గడిచిందనిపించిందో గానీ చాక్‌పీసు ముక్క కూడా తీసి అమ్మకే ఇచ్చేశాడు.

తెల్లారితే ఆదివారం. తాత పొద్దున్నే వేప కొమ్మ కొట్టి మూడు గూటాలు చెక్కాడు. సుత్తి పక్కన పెట్టుకుని మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టాడు. ఎన్ని కిలోమీటర్లు అని అడగలేదు. నీకేం కావాలి అని అడిగాడు, ఒక్కొక్కరినీ విడివిడిగా. బాపు తన జట్టుతో దిగాలన్నాడు. నేను అందరికంటే ముందు గోదావరి ఒడ్డుకు పోవాలన్నాను. అమ్మ వంతు వచ్చింది. అమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. అప్పుడు చెప్పింది.

"నేనే తొక్కాలె నాయినా. ఎనుక మూటలెక్క కూసునుడు నాతోని కాదు."

మా వాడకట్టులో ఆడవాళ్లలో సైకిలు తొక్కేది పక్కింటి నర్సక్క ఒక్కతే, దవాఖానకు డ్యూటీకి పోవడానికి. అడ్డకడ్డీ లేని సైకిలు ఆమెది. అమ్మ అలాంటి కోరిక మనసులో పెట్టుకుందని మాకెవరికీ తెలియదు. తాత పోయి నర్సక్కను అడిగాడు. ఆమె డ్యూటీ లేనప్పుడల్లా తీసుకొమ్మని సంతోషంగా ఇచ్చేసింది.

ముందు బాపు వంతు. తాత తన సైకిలు మీద పక్కనే వస్తూ, నిన్న పొద్దటి నుంచి ఏమేం తిన్నావో చెబుతూ తొక్కమన్నాడు. నేను వెనకే ఉన్నాను. అంబలి తాగిన సంగతి, పప్పూ అన్నం తిన్న సంగతి గడగడా చెప్పాడు. వాటర్ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి మాట తెగడం మొదలైంది. నాలుగు... మిర్చి... బజ్జీలు... అని నోరు జారాడు. ఆయాసంలో అబద్ధం కూడా ఆడలేకపోయాడు పాపం. తాత అక్కడే ఆపి, రోడ్డు పక్క బాపు గూటం కొట్టేశాడు. ఇల్లు అక్కడికి కిలోమీటరు కూడా ఉండదు. బాపుకు నామోషీ అనిపించింది. గింతేనా మామా, నేను గోదారి దాకా పోత అన్నాడు. తాత తల అడ్డంగా ఊపాడు. రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి ఇక్కడికే రమ్మన్నాడు. మూడు రోజులూ మాట తెగకుండా వస్తేనే గూటం పీకి ముందుకు జరపాలి, తెగితే అక్కడే ఉండాలి.

నన్నూ అలాగే మాట్లాడిస్తూ తొక్కిస్తే నా గూటం రైలు గేటు దగ్గర పడింది. నాకది సరిపోతుందా? తాత సుత్తి సంచిలో పెట్టుకునేలోపే గేటు దాటి, మలుపు దాటి, ఊపిరి బిగబట్టి తొక్కి, గొప్పగా వెనక్కి వచ్చాను. తాత తిట్టలేదు. రోడ్డు పక్క రాతి మీద కూర్చుని ఎడమ కాలి చెప్పు విడిచాడు. ఆ పాదానికి మూడు వేళ్లు లేవు. ఆ వేళ్లు లేవనీ, ఆయన కుంటుతాడనీ నాకు తెలుసు గానీ, అవి ఎలా పోయాయని ఎన్నడూ అడగలేదు.

"రెండు టబ్బుల బొగ్గుకు ఆశపడ్డ బిడ్డా. దుంగ నిలబెట్టకుంట నాలుగడుగులు ముందుకు పోయిన, కప్పు కూలింది. గనిల ఎంత పోయినవని కాదు, పోయిన కాడ దుంగ గట్టిగ నిలబడ్డదా అని చూస్తరు. నీ ఒళ్లు సుత గంతే."

సైకిలు చేత్తో నడిపించుకుంటూ వెనకే వచ్చిన బాపు నా పక్కనే నిలబడి విన్నాడు. రోజూ ఆ దుంగల కిందే పని చేసే మనిషి. దుంగ నిలబడనిదే అడుగు ముందుకు వేయకూడదని కొత్తవాళ్లకు తానే చెప్పేవాడు. అలాంటివాడు తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆఫీసు ముందు బోర్డును నమ్ముకున్నాడు. తిరిగి వస్తూ వాటర్ ట్యాంకు దాటుతున్నప్పుడు తన గూటాన్ని చేత్తో కదిపి చూసి, గట్టిగానే ఉందన్నాడు.

ఇక అమ్మ! అబ్బో, ఆ సాయంత్రం మా వీధి చూడాలి. అమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి సైకిలెక్కింది. తాత సీటు పట్టుకున్నాడు, బాపు హ్యాండిలు పట్టుకున్నాడు, నేను వెనక పరుగు. వాడకట్టంతా గడపల్లోకి వచ్చింది. ఒకరు ముక్కు మీద వేలేసుకున్నారు, ఒకరు ఇక బజారుకు నిన్నే పంపిస్తామని ఆటపట్టించారు. రెండు ఇళ్లు దాటాక పడింది. లేచింది. మళ్లీ పడింది, మోచెయ్యి గీసుకుపోయింది. బాపు ఇక చాలన్నాడు. అమ్మ వినలేదు. అయిదోసారో ఆరోసారో తాత ఎప్పుడు సీటు వదిలేశాడో ఎవరూ చూడలేదు. అమ్మ తనంతట తాను నాలుగు ఇళ్లు దాటిపోయింది! నాకు అరుపు ఆగలేదు. అమ్మ పకపకా నవ్వుతూ పోయి అయిదో ఇంటి గోడకు ఆనుకుని ఆగింది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను అదివరకు వినలేదు. ఆ గోడ పక్కనే తాత మూడో గూటం కొట్టాడు. ముగ్గురిలోకీ చిన్న దూరం అమ్మదే, ముగ్గురిలోకీ ఎక్కువ సంతోషపడ్డదీ అమ్మే.

సోమవారం తాత ఊరికి పోయాడు. గూటాలు జరిపే పని మాదే అయింది. బాపు షిఫ్టును బట్టి ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం పోయేవాళ్లం. తన గూటం జరగకపోతే బాపు ఎవరూ చెప్పకుండానే రాత్రి అన్నం ఒక ముద్ద తగ్గించేవాడు. బజ్జీలు ఆదివారానికి పరిమితమయ్యాయి, అవీ అమ్మ చేతివే. అమ్మ గూటం వీధి చివరికి పోయింది, అక్కడి నుంచి బడి దాకా, బడి నుంచి కూరగాయల బజారు మొదలు దాకా. వంకాయలు హ్యాండిలుకు తగిలించుకుని అమ్మ బెల్లు కొడుతూ వస్తుంటే మా వాళ్లు నవ్వడం మానేసి దారి ఇచ్చేవారు.

మూడు నెలలైంది. బాపు దవాఖానకు పోయాడు. నేను గడపలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాను. బాపు వచ్చి సైకిలు స్టాండు వేశాడు. ఫిట్టా అని అడిగాను. ఇంకా కాలేదన్నాడు. బరువు దిగిందట, బీపీ ఇంకొంచెం ఉందట, డాక్టరు ఇంకో నెల ఇచ్చాడట. నాకు ఏడుపొచ్చింది. బాపు మాత్రం చెంబెడు నీళ్లు తాగి, "జరంతనే ఉన్నది బిడ్డా, ఫికర్ లేదు" అని మళ్లీ సైకిలు తీశాడు. మూడు నెలల కింద అన్నం ముందు ముద్ద ఎత్తని మనిషి ఈయనేనా అని నేను నోరు తెరుచుకుని చూశాను.

నెల తర్వాత మళ్లీ పిలుపు వచ్చింది. ఆ రోజు అమ్మ ఇంట్లో ఉండలేకపోయింది. నర్సక్క సైకిలు తీసుకుని బయలుదేరింది, నేను నా అద్దె సైకిలు మీద వెంట పడ్డాను. దవాఖాన బజారుకు అవతల ఇంకో కిలోమీటరు ఉంటుంది. బజారు మొదట్లో తన గూటం దగ్గర అమ్మ ఆగింది. ఇంకొంచెం పోదామని నేను గోల చేశాను. అమ్మ కదల్లేదు, ఎండలో కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది. చాలాసేపటికి దూరంగా బాపు కనిపించాడు. గంట మీద గంట కొడుతూ వస్తున్నాడు. దగ్గరికి వచ్చి, కాలు నేల మీద ఆనించి, ఒక్క ఆయాసం లేకుండా, ఒక్క మాట తెగకుండా చెప్పాడు.

"ఫిట్టు. రేపటి మొదటి షిఫ్టుకు మావోళ్లతోని దిగుతున్న. నువ్వు నా కోసం ఈడ దాకా తొక్కుకుంట వచ్చినవా?"

అమ్మ తలూపింది. ఇద్దరూ పక్కపక్కనే తొక్కుకుంటూ ఇంటికి వచ్చారు. ముందు పరుగు తీసే నేను ఆ ఒక్క రోజు వెనకే ఉండి వాళ్లిద్దరి వీపులూ చూస్తూ వచ్చాను. ఎందుకో నాకు ముందుకు పోబుద్ధి కాలేదు.

ఇప్పుడు నేను అమ్మమ్మను. పోయినేడు మోకాలికి ఆపరేషను జరిగింది. మా మనవరాలి చేతికి ఒక గడియారం ఉంది, అది అందరికీ రోజుకు పదివేల అడుగులే వేయమంటుంది. నేను దాన్ని ఏమీ అనను. ఆగాల్సిన చోట సిగ్గుపడకుండా ఆగడం, ఇంట్లో ఒక్కొక్కరినీ నీకేం కావాలని విడిగా అడగడం, ఆ ఆదివారం నుంచి నా దగ్గర ఉన్నవి ఈ రెండే. ఆపరేషను తర్వాత మొదటి నెల మంచం నుంచి వంటగది దాకా. తర్వాత గేటు దాకా. ఇంత వివరంగా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నిన్న సాయంత్రం మనవరాలిని పక్కన పెట్టుకుని, కబుర్లు చెబుతూ, మా సందు చివరి కిరాణా దుకాణం దాకా సైకిలు తొక్కి వచ్చాను. మొత్తం రెండు వందల గజాలు. రాత్రంతా సంతోషంతో నిద్ర పట్టలేదు.