టీ అయ్యేదాకా మౌనం

ప్రతి ఆదివారం పొద్దున ఉయ్యూరు నుంచి మా వియ్యంకుడు వస్తారు. మా భవానీపురంలో టీకొట్టు దగ్గర టీ తాగుతూ రాత్రి ఫుట్‌బాల్ గురించి వాదించుకుంటాం. ఆయనది ఎర్ర చొక్కాల క్లబ్బు, నాది నీలం చొక్కాలది. ఓడిన జట్టువాడు టీ అయ్యేదాకా నోరు విప్పకూడదని మా నియమం.

నిన్న ఆయన జట్టు మళ్లీ ఓడింది. ఇవాళ గ్లాసు ఖాళీ అయినా ఆయన మాట్లాడలేదు.

"ఏం బావగారూ, టైటిల్ వచ్చే జన్మలోనా?" అన్నాను.

"ఆశపడీ పడీ విసుగొచ్చేసిందండీ. ఇక మ్యాచ్‌లు చూడను, ఆదివారాలు రాను."

రాత్రుళ్లు మేలుకుని మ్యాచ్‌లు చూసే ఓపిక నాకూ తగ్గింది. కానీ ఈయన రాకపోతే మావాళ్లు గెలిచినా ఎవరితో చెప్పుకోను?

"ఇంకా సగం సీజనుందండీ. మీ కొత్త గోల్‌కీపర్ కుదురుకుంటే మమ్మల్ని దాటేస్తారు."

ఆయన తలెత్తారు. "మీ డిఫెన్స్ తీరుకి మా గోల్‌కీపర్ కూడా గోల్ కొడతాడు లెండి."

ఇంకో రెండు టీలు చెప్పాను.